ఆదివారం అన్నం

5 జూన్ 2025, గురువారం

తిన్నదల్లా రాయమంది డైటీషియన్ మేడమ్. రాశాను. ఉడికించిన తెల్లసొనలు, రెండు పుల్కాలు, కప్పు పెసరపప్పు, కీర దోసకాయ, పలుచటి మజ్జిగ. అయిపోయింది. పేజీలో ముప్పాతిక ఖాళీ. ఆ ఖాళీ చూస్తుంటే ఆకలి ఇంకా ఎక్కువవుతోంది. అందుకే మిగతా సంగతులు కూడా రాస్తున్నాను. ఎవరూ చదివేది లేదు.

నిన్న హైదరాబాద్‌లో రిజల్ట్ చెప్పారు. మా చెల్లెలు ప్రవళికకు నా లివర్‌లో సగం ఇవ్వాలని వెళ్ళాం. బ్లడ్ గ్రూప్ కలిసింది. సైజు సరిపోయింది. రక్తనాళాలు బాగున్నాయి. అన్నీ చెప్పి డాక్టర్ చివర్లో ఆగాడు. మీ లివర్‌లో కొవ్వు చాలా ఉంది, ఇలాంటి లివర్ కోస్తే మీ దగ్గర మిగిలిందీ పని చేయదు, ఆమెకు పెట్టిందీ పని చేయదు అన్నాడు. కొవ్వు తగ్గించుకుని ఎనిమిది వారాల తర్వాత రమ్మన్నాడు.

ఆమె అన్ని వారాలు ఆగగలదా అని అడగడానికి నాకు నోరు రాలేదు. ప్రవళిక భర్త సంజీవ్ అడిగాడు. డాక్టర్ స్కాన్ వైపే చూస్తూ, ఆగుతుందనే అనుకుని పని చేద్దాం అన్నాడు.

సంజీవ్‌ది గ్రూప్ కలవలేదు. అమ్మకు షుగర్. మిగిలింది నేనే. కోదాడ ఇంజినీరింగ్ కాలేజీ రోడ్డులో పన్నెండేళ్ళుగా కర్రీ పాయింట్ నడుపుతూ, ప్రతి కూరా గరిటెతో రుచి చూస్తూ, మిగిలినవి పారేయడం ఇష్టం లేక తింటూ పెంచుకున్న పొట్ట ఇది. మందు ముట్టనివాణ్ణి, నాకేం కాదని ధైర్యంగా ఉండేవాణ్ణి.

మేడమ్ ఒక్క మంచి మాట చెప్పింది. ఆదివారం రీఫీడ్ డే. ఆరు రోజులు కడుపు కట్టుకుని ఏడో రోజు అన్నం, రొట్టె, దుంపలు కడుపునిండా తినాలి. నూనె, నెయ్యి, స్వీట్లు ఆ రోజు కూడా లేవు. ఇష్టమొచ్చినట్టు తినే రోజు కాదు, ముందే ప్లాన్ చేసి మందులా తినే రోజు అంది. అది లేకపోతే బలం పోతుంది, కండ పోతుంది, చివరికి మనిషి ఎక్కడో ఒకచోట తెగించి తినేస్తాడు అంది.

ఆదివారానికి ఇంకా మూడు రోజులు.

6 జూన్

కూరల రుచి చూసి ఉమ్మేస్తున్నాను. కూరగాయలు కోసే వీరమ్మ నా వంక అదోలా చూసింది. గుత్తివంకాయ ఉమ్మేటప్పుడు నాకే ఏడుపొచ్చింది.

8 జూన్, ఆదివారం

ఈ రోజు ప్లాన్ అంతా ప్రవళికది. డైట్ షీట్ ఫోటో తీసి పంపమని అడిగితే పంపాను. స్కూల్లో సైన్స్ చెప్పే టీచరమ్మ కదా, గంటలోపే వాయిస్ మెసేజ్‌లు మొదలయ్యాయి. పొద్దున ఇడ్లీ, పల్లి చట్నీ వద్దు, టమాట చట్నీ. మధ్యాహ్నం అన్నం, దోసకాయ పప్పు, తోలు తీసిన నాటుకోడి కూర ఒక్క చెంచా నూనెతో. సాయంత్రం ఉడికించిన చిలగడదుంపలు. రాత్రి జొన్న రొట్టె, గోంగూర. తనకు ఉప్పు బంద్, రోజుకు ఇన్ని నీళ్ళే తాగాలని లెక్క, ఏది తిన్నా వికారం. అయినా ఏ పూటా మర్చిపోలేదు.

షాపులో ఆదివారం చికెన్ గిరాకీ అయిపోయాక కంచం ముందు కూర్చున్నాను. ఫోన్ మోగింది. స్పీకర్ ఆన్ చేసి గోడకు ఆనించమంది.

"భియా, జర మెల్లగ తిను. నాకు వినపడాలె."

మా లంబాడీలో అన్నను భియా అంటాం. ఇద్దరం మాట్లాడుకుంటే సగం మా భాష, సగం తెలుగు. అన్నంలోంచి ఆవిరి వస్తోందా అని అడిగింది. పప్పులో వెల్లుల్లి వేశావా అంది. ఉప్పు సరిపోయిందా అంది. సరిపోయిందన్నాను. సరిపోయింది అంటే ఎట్లుంది, చెప్పు అంది.

ఉప్పు ఎలా ఉంటుందో నేనెవరికీ చెప్పలేదు ఇంతవరకు. పన్నెండేళ్ళుగా వేస్తున్నాను. నాలుక అంచుల దగ్గర నీళ్ళు ఊరి పప్పు తియ్యగా అనిపించింది అన్నాను.  ప్రవళిక నవ్వింది.

తిన్నది అరిగాక ఒళ్ళు వెచ్చబడింది. చాలా రోజుల తర్వాత మా పాప వైష్ణవిని ఎత్తుకున్నాను. ఎనిమిదేళ్ళ పిల్ల బరువే. లివర్ కోస్తే మళ్ళీ పెరుగుతదంట కదా డాడీ, బల్లి తోక లెక్కనా అని అడిగింది. అవునన్నాను. నా భార్య రజిత లోపలి గదిలోకి వెళ్ళిపోయింది.

11 జూన్

రజిత హాస్పిటల్ పేపర్ల మీద సంతకం పెట్టింది. వద్దని ఒక్క మాట అనలేదు. పోయినవారం నుంచి నాతో మాట్లాడటమే తగ్గించింది. పుల్కాలు కాల్చి కంచంలో వేసి పక్కకు తిరుగుతుంది. ఒక రాత్రి మాత్రం నా పొట్ట మీద, కోత వచ్చే చోట, చెయ్యి పెట్టి పడుకుంది.

18 జూన్, బుధవారం

షాపు వీరమ్మకు అప్పగించి మిర్యాలగూడ వెళ్ళాను. హుజూర్‌నగర్ దాటాక బస్సు కిటికీలోంచి మిల్లుల ఊక వాసన. సంజీవ్ రైస్ మిల్లులో కాంటా దగ్గర పని చేస్తాడు. ఆ బట్టలతోనే బస్టాండ్‌కు వచ్చి నన్ను బండి మీద తీసుకెళ్ళాడు. మధ్యలో ఒక్కసారే మాట్లాడాడు. పోయిన వారం పొట్టలో నీళ్ళు తీశారు, మళ్ళీ నిండింది బావా అన్నాడు.

ప్రవళిక చేతులు సన్నగా, పొట్ట నిండు గర్భిణిలా. కళ్ళు పసుపు. ఇరవై తొమ్మిదేళ్ళు దానికి. ఒంట్లో కాపలా ఉండాల్సిన కణాలే దారి తప్పి లివర్‌ను తినేశాయన్నారు డాక్టర్లు. తాగని మనిషికి ఇదేం జబ్బని ఊరికి నమ్మకం లేదు. నేనుండగానే పక్కింటామె వచ్చి, చిన్నప్పుడు తండాలో కల్లు గిట్ల అలవాటుండెనా అని అమ్మను గుసగుసగా అడిగింది.  అమ్మ ఇప్పుడు ఎవరికీ పలకడం లేదు. చిలుకూరు దగ్గర తండాలో ఇంటికి తాళం వేసి నాలుగు నెలలుగా ఇక్కడే ఉంటోంది.

నేను బయలుదేరేటప్పుడు మాత్రం గుమ్మం దాకా వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "ఒకర్ని కోసి ఒకరికి పెడుతరంట. ఇద్దరూ నా కడుపుల పుట్టినోళ్ళే. ఎవరి దిక్కు సూడాలె నేను?"

 యాడీ, ఇద్దరం బతుకుతం అన్నాను. యాడి అంటే మా భాషలో అమ్మ.  బండెక్కాను.

22 జూన్, ఆదివారం

మూడో రీఫీడ్. అన్నంలో ఆలుగడ్డ కూర, నూనె లేకుండా. ప్రవళిక ప్లాన్‌లో పెట్టింది, చిన్నప్పుడు హాస్టల్లో పెట్టేవాళ్ళట. బాగాలేదని చెప్పాను. హాస్టల్లో కూడా బాగుండకపోయేది అంది. ఇద్దరం బాగా నవ్వుకున్నాం.

30 జూన్

సూర్యాపేటలో స్కానింగ్ తీయించి రిపోర్ట్ హైదరాబాద్ పంపాను. కొవ్వు తగ్గుతోంది, ఇలాగే ఉండండి అని మెసేజ్ వచ్చింది. సంజీవ్‌కు ఫోన్ చేశాను. కాంటా మీద లారీ ఉంది, హోరులో వినపడక మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నాడు. వినపడకనా అని ఇప్పుడు అనుమానం.

బెల్టుకు కొత్త బెజ్జం పెట్టించాను.

9 జూలై, బుధవారం

రాయాలని లేదు.

సూర్యాపేటలో బర్త్‌డే ఫంక్షన్‌కు క్యాటరింగ్. రెండు నెలల ముందే ఒప్పుకున్న ఆర్డర్. తెల్లారి నుంచి పొయ్యి దగ్గర నిలబడ్డాను. బగారా అన్నం, మటన్, డబుల్ కా మీఠా. నిన్నటి నుంచి కడుపులో తెల్లసొనలు తప్ప ఏమీ లేవు. బంతులన్నీ లేచాయి. వడ్డించేవాళ్ళు కూడా తినేశారు. గిన్నెలు టెంట్ వెనక పెట్టించాను.

బగారా గిన్నె అడుగున మాడు అంటుకుని ఉంది. గరిటెతో గీకి నోట్లో పెట్టుకున్నాను, ఒక్కటే అనుకుని. ఆ తర్వాత నేను మనిషిని కాదు. నిలబడే తిన్నాను. చేత్తో గీకి తిన్నాను. మటన్ గిన్నె వంచి నూనెతో సహా కలుపుకున్నాను. డబుల్ కా మీఠా పిడికిళ్ళతో. రుచి తెలియలేదు. ఎవరో గిన్నెలు లాక్కుపోతారని భయపడ్డట్టు తిన్నాను.

గిన్నెలతో పాటు ట్రాలీ ఆటోలో వస్తూ మునగాల దగ్గర ఆపించి కక్కాను. పక్కన ధాబా ముందు మంచాల మీద లారీ డ్రైవర్లు ప్రశాంతంగా అన్నం తింటున్నారు.

10 జూలై

మేడమ్‌కు ఫోన్ చేసి చెప్పేశాను. కోప్పడలేదు. ఒక్క రోజుకు ఏమీ కాదు, శిక్ష వేసుకోవద్దు, ఆదివారం రీఫీడ్ మాత్రం మానొద్దు అంది. రెండుసార్లు చెప్పింది.

శిక్ష వేసుకోకుండా ఎలా? పొద్దున ప్రవళిక ఫోటో పంపింది, గోళ్ళు కూడా పసుపు అవుతున్నాయి చూడమని. నేను నిన్న డబుల్ కా మీఠా పిడికిళ్ళతో తిన్నాను.

13 జూలై, ఆదివారం

రీఫీడ్ తీసుకోలేదు. ఇంకో మూడు వారాలు తీసుకోను. పోగొట్టిన రోజు అలాగే దొరుకుతుంది.

ప్రవళికకు చెప్పలేకపోయాను. రెండింటికి ఫోన్ మోగింది. ఫోన్ గోడకు ఆనించాను. ముందున్నది కీర ముక్కలు, తెల్లసొన. అన్నం పొగలు కక్కుతోందన్నాను. సొరకాయ పప్పులో ఎండుమిర్చి వాసన బాగా పట్టిందన్నాను. కీర ముక్క కొరికితే చప్పుడవుతుందని నోట్లో నానబెట్టి మింగాను. వంటవాణ్ణి కదా, లేని కూరకు తాలింపు పెట్టగలను.

20 జూలై, ఆదివారం

ప్లాన్‌లో చేపల పులుసు. ఈసారి ప్రవళిక బాగా నీరసంగా ఉంది, మాట మాటకు ఆగుతోంది. అందుకని నేనే ఎక్కువ చెప్పాను. పాలేరు నుంచి పొద్దున్నే వచ్చిన బొచ్చె చేప అన్నాను. చింతపండు పాతది, అందుకే పులుసు నల్లగా వచ్చిందన్నాను. మెంతులు వేయించి పొడి చేసి చివర్లో చల్లాను, ముక్క విరిగితే లోపల తెల్లగా పొరలు పొరలుగా ఉంది, అన్నంలో పులుసు పోస్తే మెతుకు మెతుకుకూ దిగింది అన్నాను. ఎంతసేపు చెప్పానో. అవతల ఏమీ లేదు. లైన్ కట్ అయిందనుకున్నాను. అప్పుడు వినిపించింది, అది గుటక మింగడం.

ఫోన్ పెట్టి తల ఎత్తితే గుమ్మంలో రజిత. నా కంచం వంక చూస్తోంది.

24 జూలై

ఈ రోజు మాట్లాడింది రజిత.

"నిన్ను నేను ఎందుకు ఆపలే తెలుసా? ఆపితే ఆ పిల్ల పోతే, నువ్వు నన్ను జీవితంల చూడవని. గందుకే సంతకం పెట్టిన. కానీ నువ్వు చేసేదేంది? తిండి మాని నువ్వు సస్తున్నవ్. ఆమెకేమో అబద్ధం తినిపిస్తున్నవ్."

ఆదివారం నుంచి తింటానన్నాను. ఇప్పుడే తిను అంది. అన్నం పెట్టింది. ముద్ద కలిపాను. తినలేదు. పది రోజుల్లో అపాయింట్‌మెంట్ ఉంది, ఇన్ని రోజులు ఆగి ఇప్పుడు చెడగొట్టుకోలేను అన్నాను. కంచం తీసి సింక్‌లో పెట్టింది. పెట్టింది కాదు, పడేసింది.

27 జూలై, ఆదివారం

పొద్దున చెప్పు వేసుకోబోతే నేల పైకి వచ్చింది. గోడ పట్టుకున్నాను. షాపులో ఎవరికీ తెలియదు. ప్రవళికకు జొన్న రొట్టె గురించి చెప్పాను. మధ్యలో ఏం చెబుతున్నానో నాకే గుర్తు లేదు. చాలు భియా, తిను అంది.

31 జూలై

ఎడమచేత్తో పేజీ ఒత్తిపట్టుకోలేను, రాత వంకరగా వస్తోంది.

మంగళవారం పొద్దున ఆలూ ఫ్రైకి నూనె కాగుతోంది. ముక్కలు వేయడానికి వంగాను. అంతే గుర్తు. లేచేసరికి వీరమ్మ నా చేతి మీద బకెట్‌తో నీళ్ళు పోస్తూ, ఓ సాగరూ, ఓ బిడ్డా అని అరుస్తోంది. పడుతూ పడుతూ కడాయి అంచు పట్టుకున్నానట. ఎడమ ముంజేయి అంతా కాలింది. ముఖం మీద పడలేదు, అదృష్టం అన్నారందరూ.

కోదాడలోనే కట్టు కట్టించుకున్నాను. డాక్టర్ ఏం తిన్నావని అడిగాడు. నాకు నవ్వొచ్చింది. ఆపరేషన్‌కు ఏమన్నా అడ్డమా అంటే, అది వాళ్ళనే అడగమన్నాడు.

1 ఆగస్టు

రజిత ప్రవళికకు ఫోన్ చేసి అంతా చెప్పేసింది. నా ముందే చేసింది. తర్వాత ఫోన్ నా చేతికిచ్చింది.

తిడుతుందనుకున్నాను. 

"మొన్నటి రొట్టె కూడనా?" అంది.

అవునన్నాను.

"చేపల పులుసు?"

అది కూడా అన్నాను.

 తర్వాత మెల్లగా, "మంచిగుండె భియా ఆ పులుసు" అంది.

ఫోన్ రజితకు ఇచ్చేశాను.

4 ఆగస్టు, సోమవారం

హైదరాబాద్. MRI అయింది. కొవ్వు వాళ్ళు చెప్పిన గీత లోపలికి వచ్చింది. కోఆర్డినేటర్ అమ్మాయి లేచి నిలబడి కంగ్రాట్స్ సర్ అంది. సంజీవ్ నా వీపు మీద తల ఆనించాడు, అంత పొడుగు మనిషి.

తర్వాత సర్జన్ కట్టు విప్పించి చూశాడు. చీము పట్టింది. బ్లడ్ రిపోర్ట్ చూశాడు. మిమ్మల్ని డైట్ చేయమన్నాం, పస్తులుండమనలేదు అన్నాడు. ఇంత మాడ్చేసరికి లివర్ అలిసిపోయి ఉంది, ఎంజైమ్స్ పెరిగాయి, ఒంట్లో ప్రొటీన్ లేదు, పైగా ఇన్‌ఫెక్షన్. ఇలాంటి డోనర్‌ను టేబుల్ ఎక్కించను. పుండు మానాలి, రిపోర్ట్‌లు మామూలుకు రావాలి. రెండు మూడు వారాలు. మంచిగా తినండి.

మంచిగా తినండి అని రాసిచ్చాడు కూడా, మందుల కింద.

లిఫ్ట్‌లో సంజీవ్ అన్నాడు, పర్వాలేదు బావా, మూడు వారాలే కదా. అతని ముఖం చూడలేదు. లిఫ్ట్ తలుపులో కనిపించింది.

10 ఆగస్టు, ఆదివారం

నిజం అన్నం. నిజం పప్పు. నిజం కోడికూర. వీడియో కాల్ చేసి కంచం చూపించాను. ప్రవళిక కళ్ళు సగం మూసి ఉంది. ప్లాన్ ఏదీ పంపలేదు ఈసారి. స్కూల్ బెల్ కొట్టిన్రా అని అడిగింది. ఆదివారమే చెల్లే అన్నాను. పిల్లలు ఎండలో నిలబడ్డరు, లోపలికి పంపు అంది. అమ్మ ఫోన్ తీసుకుంది.

రక్తంలో విషం మెదడుకు ఎక్కితే ఇలా మాట్లాడతారట. మందు ఇస్తే తగ్గుతుందట.

కంచంలో అన్నం మొత్తం తిన్నాను. ఒక్కో ముద్దకూ నీళ్ళు తాగి మింగాను. రజిత పక్కనే కూర్చుంది, నేను లేచేదాకా.

14 ఆగస్టు

ప్రవళికను హైదరాబాద్ తెచ్చారు. పొట్టలోని నీళ్ళకు ఇన్‌ఫెక్షన్. ICU.

17 ఆగస్టు, ఆదివారం

ICU బయట కుర్చీలు. సంజీవ్ ఇడ్లీ తెచ్చాడు. పొట్లం విప్పలేదు ఎవరం.

20 ఆగస్టు, ఉదయం

నా చెయ్యి మానింది. కొత్త చర్మం గులాబీ రంగులో, వేరే ఎవరిదో అతికించినట్టు. రిపోర్ట్‌లు నార్మల్. మీరు ఫిట్ అన్నాడు సర్జన్.

అయితే ఈ రోజే చేయండి అన్నాను. రేపు చేయండి. ఎప్పుడైనా చేయండి, ఇక్కడే కూర్చుంటాను అన్నాను. ఆమె ఇప్పుడు ఆపరేషన్ తట్టుకోలేదు అన్నాడు. కిడ్నీలు కూడా ఆగిపోతున్నాయి. ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ కాకుండా కొత్త లివర్ పెడితే, పెట్టిన గంటల్లోనే పోతుంది, ఆమెతో పాటు మీ సగం లివర్ కూడా వృథా.

వృథా కానీయండి అన్నాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి వెళ్ళిపోయాడు.

సాయంత్రం

లోపలికి పంపారు. ఒకరే వెళ్ళాలన్నారు. అమ్మ నన్ను తోసింది. ట్యూబులు. తెలివి లేదు. చెవి దగ్గర వంగాను. ఏం చెప్పాలో తెలియక ఈ రోజు పొద్దున్నుంచి తిన్నవన్నీ చెప్పాను. చాయ్. బిస్కెట్. ఏమీ కల్పించలేదు.

22 ఆగస్టు

తెల్లవారుజామున ప్రవళిక పోయింది.

28 ఆగస్టు

చిలుకూరు తండాలో మా చేను గట్టు దగ్గరే మట్టిలో పెట్టాం. నాన్న పక్కన. స్కూల్ పిల్లలు ఆటోలో వచ్చారు మిర్యాలగూడ నుంచి, యూనిఫామ్‌లో. అమ్మ ఏడవలేదు. వచ్చినవాళ్ళందరూ నన్ను చూసి ఎంత చిక్కిపోయినవ్ కొడుకా అన్నారు. అందరూ అదే మాట.

హాస్పిటల్‌లో పేపర్లు తీసుకున్న రోజు డాక్టర్‌ను అడిగాను. ఆ మూడు వారాలు పోకపోయి ఉంటే? చెప్పలేం అన్నాడు. ఆపరేషన్‌లోనే పోయి ఉండొచ్చు, బతికి ఉండొచ్చు, చెప్పలేం. రజిత అంటుంది, ఆయన నీ మీద జాలితో అన్నడు, పట్టుకో ఆ మాట అని. పట్టుకోవడానికి ఏముంది అందులో? రెండు వైపులా కోసేలాగే ఉంది.

నేను ఆకలి తట్టుకోలేక కాదు పాడుచేసింది. తట్టుకోగలనని చూపించబోయి పాడుచేశాను. ఎవరికి చూపించబోయానో కూడా తెలియదు. తినమన్నారు. అందరూ తినమనే అన్నారు. డాక్టర్, మేడమ్, రజిత, ప్రవళిక. దాని కోసం నేను చేయాల్సిన పని ఆదివారం కూర్చుని అన్నం తినడం. అంత సులువైన పని.

కోదాడ అంతా చవితి మైకులు. మండపంవాళ్ళు పులిహోర ఆర్డర్ ఇవ్వడానికి వచ్చారు. షట్టర్ ఎత్తలేదు.

2 సెప్టెంబర్

షాపు తెరిచాను. వీరమ్మ ఉప్పు చూసి చెబుతోంది. నాకు తెలియడం లేదు.

7 సెప్టెంబర్, ఆదివారం

రోడ్డంతా నిన్నటి నిమజ్జనం గులాల్. గిరాకీ అయిపోయి షట్టర్ సగం దించాక సంజీవ్ వంగి లోపలికి వచ్చాడు. మిర్యాలగూడ నుంచి బండి మీదే. చెప్పా పెట్టకుండా. గడ్డం పెరిగింది, చొక్కా వేలాడుతోంది.

"బావా, అన్నం ఉందా?"

లేదు. వండాను. టమాట పప్పు చేశాను. ఇద్దరం నేల మీద కూర్చుని తిన్నాం. మాట్లాడలేదు. అతను మళ్ళీ పెట్టమన్నాడు. పెట్టాను. గరిటె నా చేతిలోంచి తీసుకుని నా కంచంలో కూడా వేశాడు. పప్పులో ఉప్పు తక్కువైంది బావా అన్నాడు. ఉప్పు డబ్బా అందుకుని ఇచ్చాను.

గిన్నె ఖాళీ అయింది. ఇంకో గిన్నెకు ఎసరు పెట్టాను.